బండి ఊపిన చెయ్యి

శ్రీ యెస్పర్ బ్రోగోర్ గారికి,
పౌర సమాచార అధికారి, స్టెన్‌హావ్న్ పురపాలక సంఘం, డెన్మార్క్.

అయ్యా,

విషయం: అక్సెల్ టోఫ్టే గారిని పిల్లల దొంగగా చూపుతూ తమ కార్యాలయం పెట్టిన ఫొటో.

నా మొదటి ఫిర్యాదుకు జవాబిస్తూ, "సదరు వార్తను మేము సృష్టించలేదు, పౌరుల క్షేమార్థం పంచితిమి" అని తమరు సెలవిచ్చారు. సవరించుకోగలరు. పంచేది మిఠాయి. తమరు వేసినది చాటింపు.

1. మంగళవారం ఉదయం రొట్టెల దుకాణం బయట, కిటికీ కింద, నా మునిమనవరాలు ఆల్మా తన బండిలో నిద్రపోతున్నది. పసిపిల్లలను చలిగాలిలో పడుకోబెట్టడం మన ఊళ్ళో నేరం కాదు; తమరూ అలా పెరిగినవారే. నేను దుకాణం లోపల, అద్దానికి ఇవతల కాఫీ తాగుతున్నాను. పాప ఏడుపు అందుకుంది. అటుగా పోతున్న మా పొరుగు అక్సెల్ గారు అద్దంలోంచి నా వంక చూశారు. నేను తల ఊపాను, ఆయన బండి ఊపారు. జరిగినది ఇంతే.

2. అవతలి వీధివైపు నుంచి ఎవరో ఫొటో తీసి "బండి తోసుకుపోబోయాడు" అని రాశారు. మధ్యాహ్నానికల్లా తమరు దానిని ఇంటర్నెట్‌లోని పురపాలకం పేజీలో, పురపాలక ముద్రతో పెట్టారు. అడుగున చీమ తలకాయంత అక్షరాలలో, "నిర్ధారణ కావలసి ఉన్నది." ఆ దుకాణం తమ కార్యాలయానికి ఎదురుగానే ఉన్నది. దాల్చినచెక్క రొట్టె కోసం రోజూ దాటే వీధిని నిర్ధారణ కోసం దాటలేకపోయారు.

3. నా మేనకోడలు లిస్బెట్ కూడా దానిని పదిమందికి పంపింది.

"చదివే పంపావటే?"

"లేదత్తా. పురపాలకం వాళ్ళే పెట్టారు కదా, నిజమే అనుకున్నా."

"ఆ బండి మన ఆల్మాది. దాని మీద దుప్పటి నువ్వు అల్లిందే."

"ఫొటో చిన్నగా ఉందత్తా."

4. అక్సెల్ గారి తలుపు మీద ఎవరో ఎర్రరంగుతో ఒక మాట రాశారు. ఆ మాట అర్జీలో రాయదగినది కాదు. ఆయన గడప దాటడం లేదు. తన దగ్గరుండే మా ఇంటి తాళంచెవిని కవరులో పెట్టి నా ఉత్తరాల పెట్టెలో వేశారు. వెళ్ళి తలుపు తడితే లోపలినుంచే, "వెళ్ళిపోండి, మిమ్మల్నీ ఫొటో తీస్తారు" అన్నారు. ఇన్నేళ్ళూ నన్ను గుద్రున్ అనీ నువ్వనీ పిలిచిన మనిషి. ఆ "మీరు" తమ చలవే.

5. ఫొటో తొలగించి, "సమస్య పరిష్కృతమైనది" అని ఫైలు మూసినట్లు తెలిసినది. ఎవరి సమస్య?

కావున పెట్టిన చోటనే, పెట్టినంత పెద్దగా, అదే ముద్రతో, "మేము తప్పు చేశాము. అక్సెల్ టోఫ్టే ఏ తప్పూ చేయలేదు" అని ప్రకటించవలెను. "పొరపాటు జరిగి ఉన్నచో చింతిస్తున్నాము" పనికిరాదు. జరిగి ఉన్నచో ఏమిటి, జరిగింది.

పై సంగతులు చిత్తగించవలెను. చిత్తగించినట్లు ఊరికి కనబడవలెను.

ఇంకా ఓపిక మిగిలి ఉన్న
తమ విధేయురాలు,
గుద్రున్ హాల్‌క్యేర్

తా.క. యెస్పర్, ఆయనకు ఫోన్ లేదు, నీ ప్రకటన ఆయన చూడడు. కాగితం మీద అచ్చు వేయించి నువ్వే తీసుకెళ్ళు. చంటివాడిగా నువ్వు అదే కిటికీ కింద గుక్కపట్టినప్పుడు నీ బండి ఎవరు ఊపేవారో మీ అమ్మను అడుగు. దారిలో నల్లరొట్టె ఒకటి కొను, ఆయన ఇంట్లో అయిపోయి ఉంటుంది. రంగుల కొట్టులో రంగు వదిలించే థిన్నర్ ఒక డబ్బా కూడా తీసుకో. పాతగుడ్డలు నేనిస్తాను. ముందు తలుపు తుడువు, తరువాత తట్టు.