పక్కింటి మాటే చీటీ

డిసెంబర్ 28, శనివారం

మళ్ళీ దొంగలు పడ్డారు. ఈసారి రెండో అంతస్తులో. ఆ ఇంటివాళ్ళు క్రిస్మస్‌కి ఊరెళ్ళి వచ్చేసరికి కిటికీ ఊచలు రెండు వంచి ఉన్నాయి, గ్యాస్ సిలిండర్ లేదు. నవంబర్‌లో డాబా మీద ఆరేసిన దుప్పట్లు పోయాయి. అంతకుముందు నీళ్ళ మోటారు.

ఆరంతస్తుల బిల్డింగు. కాపలాకి ఒక్క ముసలాయన, ఎకిడోర్. ఎక్కడో ఉత్తరాన తుర్కానా ఎడారి నుంచి వచ్చినవాడు. చేతిలో దుడ్డుకర్ర, జేబులో వెలగని టార్చి. గేటుకి గడియ ఉంది, తాళం లేదు. తాళం కొనమని కేర్‌టేకర్ గితాహిని అడిగితే, ఓనరు ఫోనెత్తడం లేదమ్మా అంటాడు. అద్దె రోజున మాత్రం మొదటి రింగుకే ఎత్తుతాడు.

ఆ గితాహి కూడా ఇవాళ సొంతూరు న్యేరి వెళ్ళిపోయాడు. ఆరో తారీఖుకి గానీ రాడు. నెలాఖరు ముంచుకొస్తోంది, ఇళ్ళు మారేవాళ్ళు మారతారు. సామాను గేటు దాటాలంటే గితాహి చీటీ రాసివ్వాలి. ఆయనే లేడు కాబట్టి గేటు మీద కాగితం అంటించి పోయాడు: నేను వచ్చేదాకా పక్కింటి మాటే చీటీ. అంటే ఎవరైనా ఖాళీ చేస్తుంటే పక్కింటివాళ్ళు చూసి, సరే, వీళ్ళ సామానే అనాలి.

చదివి నవ్వొచ్చింది. నా పక్కిల్లు అపోండిది. మేమిద్దరం మాట్లాడుకుని మూడు వారాలైంది.

డిసెంబర్ 30

మెట్ల మీద ఎదురుపడింది. మూతి ముడుచుకుని పోయింది. నేనూ తక్కువ తినలేదు.

జనవరి 2, గురువారం

గొడవ ఎందుకొచ్చిందో రాసుకోవాలి, లేకపోతే తప్పంతా ఆవిడదేనని నేనే నమ్మేస్తాను.

నీళ్ళు మంగళ, శుక్రవారాలే వస్తాయి. రెండు గంటలు. ఆ రోజు నా వంతులో ఆవిడ నాలుగో డ్రమ్ము పెట్టింది. అది తప్పే. కానీ నేనన్న మాటేమిటి? మొగుడు లేని ఇంటికి ఇన్ని డ్రమ్ములెందుకమ్మా అన్నాను. మెట్ల మీద పదిమంది వింటుండగా. ఆయన పోయి రెండేళ్ళు కాలేదు. నాకా మొగుడే లేడు, ఎన్నడూ లేడు. నా నోటికి తాళం వేసేవాడు పుట్టలేదు.

ఇవాళ గోడ అవతల నుంచి సందడి వినిపించింది. అపోండి కూతురు అకేయోకి పెద్ద హైస్కూల్లో సీటొచ్చింది, బోర్డింగు. సియాయాలో అమ్మమ్మ దగ్గరుంది, పదమూడున చేరాలి. అపోండి హోటల్ లాండ్రీలో పనిచేస్తుంది. తెల్లారి ఐదుకి వెళ్తే రాత్రి ఏడుకి వస్తుంది. ఏడాదంతా ఒక్కొక్కటే కొని పెట్టింది. తలుపు తెరిచి ఉంటే చూశాను: నీలం రంగు రేకు పెట్టె, దాని మీద తెల్ల అక్షరాలతో పిల్ల పేరు. కొత్త మెట్రెస్. దుప్పటి. బకెట్. అన్నీ వరసగా పేర్చి, మధ్యలో నిలబడి చూసుకుంటోంది.

శుభం అమ్మా అనాలనిపించింది. చూడనట్టు లోపలికి వచ్చేశాను.

జనవరి 3, శుక్రవారం, ఉదయం పదకొండు

అపోండి ఇల్లు ఖాళీ చేసేస్తోంది!

తొమ్మిదిన్నరకి చేతిబండి వచ్చింది. ముగ్గురు మగవాళ్ళు, పసుపు స్కార్ఫు కట్టుకున్న ఒకావిడ. నేను మా మూడో అంతస్తు వరండాలో మిషన్ వేసుకుని కుట్టుకుంటున్నాను. ఆవిడ నేరుగా నా దగ్గరికే వచ్చింది. బట్టలు కుట్టే ఫుండివి నువ్వేనా అక్కా, మా అక్క నీ గురించి చెబుతూనే ఉంటుంది అంది. అపోండి చెల్లెలట. పని దగ్గరే ఇల్లు దొరికిందట, అక్కకి సెలవివ్వలేదట, అకేయో బడికి వెళ్ళేలోపు సర్దేయాలట. జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచింది.

నా గురించి ఏం చెబుతూ ఉంటుందో నాకు తెలుసులే అనుకున్నాను.

నిజం చెప్పాలంటే గుండె చివుక్కుమంది. నాలుగేళ్ళు గోడకి గోడ. ఆవిడ భర్త పోయినప్పుడు నలభై రోజులు ఆవిడకి చాయ్ కాచిచ్చింది నేను. ఒక్క మాట చెప్పకుండా పోతుందా? ఫోన్ చేసి అడగొచ్చు, నంబరుంది. కానీ చెప్పాల్సింది ఆవిడ. నేనెందుకు అడగాలి?

మెట్రెస్ చుట్ట విచ్చుకుపోతుంటే వాళ్ళు తాడు అడిగారు. యూనిఫాం గుడ్డ అంచు, మెరూన్ రంగుది, రెండు బారలు చింపి ఇచ్చాను. నేనే ముడి వేశాను.

కింద ఎకిడోర్ గేటు మూసి నిలబడ్డాడు. చీటీ ఏదీ అన్నాడు. గితాహి లేడు కదా అన్నారు వాళ్ళు. అప్పుడాయన తల ఎత్తి నా వైపు చూశాడు. ఫుండీ అమ్మా, వెళ్ళనివ్వమంటావా అని అరిచాడు. నేను తల ఊపాను. పోనీ అన్నట్టు చెయ్యి కూడా ఊపాను. గేటు తెరిచి, బండి గేటు గట్టు దిగడానికి ఆయనే ఒక పక్క పట్టుకున్నాడు.

పోతే పోనీ. నీళ్ళ గొడవ తీరింది.

అదే రోజు, రాత్రి



ఏడుంబావుకి అపోండి తలుపు తెరిచింది. ముందు చప్పుడే లేదు. తర్వాత ఒక్క కేక. అందరూ పరిగెత్తారు. నేను చివర వెళ్ళాను. గోడలు, ఒక చీపురు, నాలుగు డ్రమ్ములు. డ్రమ్ముల్ని వదిలేశారు.

తోడబుట్టినవాళ్ళు కూడా లేనిదాన్ని, ఎవరినడగను అంది అపోండి; అంటే ఆ పసుపు స్కార్ఫు ఆవిడ చెల్లెలు కాదు. తాళం పగలగొట్టకుండా ఎలా తీశారు అంటున్నారు. ఎలా ఏముంది, ఈ బిల్డింగులో సగం తాళంకప్పలు మూలమీది కొట్టువే, ఒక చెవి నాలుగింటిని తీస్తుంది. అందరికీ తెలిసిందే.

అపోండి టీవీ గురించి ఏడవలేదు, ఫ్రిజ్ గురించి ఏడవలేదు. పెట్టె, నా పిల్ల పెట్టె అంటోంది. పది రోజుల్లో బడి, ఏ మొహం పెట్టుకుని పంపను అంటోంది.

ఎవరైనా చూశారా అని ఎవరో అడిగారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. తేలు కుట్టిన దొంగకైనా నాకంటే ఎక్కువ గొంతు లేస్తుంది.

జనవరి 4

పోలీసులు వచ్చారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, మోటారు పోయినప్పుడు రానివాళ్ళు ఇవాళ వచ్చి రాసుకున్నారు. గేటు తెరిచిందెవరు అన్నారు. నేనే అన్నాడు ఎకిడోర్. ఎందుకు తెరిచావు అంటే, ఇల్లు మారుతున్నారనుకున్నాను అన్నాడు. ఎవరు చెప్పారు అన్నారు.

నేను గుంపులో రెండడుగులు వెనక్కి జరిగాను.

నేనే అనుకున్నాను సార్ అన్నాడాయన. జీపెక్కించి తీసుకుపోయారు. ఎక్కుతూ దుడ్డుకర్రని గోడకి ఆనించి పెట్టాడు.

జనవరి 5

చర్చికి వెళ్ళలేదు.

జనవరి 6, సోమవారం

గితాహి వచ్చాడు. ఎకిడోర్ని వదిలేశారు. కుడి మణికట్టు వాచి ఉంది. సాయంత్రం మీటింగు, మెట్ల కింద.

కంచే చేను మేస్తే ఇంకేం చెప్పాలి అన్నాడు ఐదో అంతస్తాయన. బండి తోసింది కూడా వీడేనట, వాటా ఎంతరా ముసలోడా అన్నాడు ఒక కుర్రకుంక. యాభై మంది నవ్వారు. ఎకిడోర్ ఎవరి వైపూ చూడలేదు. నా వైపు కూడా. పక్కింటివాళ్ళు సరే అన్నారా అని గితాహి అడిగాడు కూడా! మెట్ల పిల్లర్ వెనక నేనున్నాను. 

ఫుండి ఇంట్లో లేదేమోలే అని ఎవరో అన్నారు. నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు.

ఎకిడోర్ని పనిలోంచి తీసేశారు.

జనవరి 7, మంగళవారం

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. ఎకిడోర్, చంకలో దుప్పటి చుట్ట. జేబులోంచి ఒక గుడ్డముక్క తీశాడు. మెరూన్ అంచు, జానెడు. మెట్రెస్ కట్టినది గేటు గొళ్ళేనికి తగిలి చిరిగిందట. పోలీసులు జేబులు వెతికినా ఇదేమిటని అడగలేదట.

ఇది నీదమ్మా అన్నాడు.

ఎందుకు చెప్పలేదయ్యా అని ఏడిచాను. సిగ్గు లేకుండా ఆయన్నే అడిగాను.  తల ఊపింది నువ్వు, గేటు తీసింది నా చెయ్యి అన్నాడు. నా చేతి సంగతి నేను చెప్పాను. నీ తల సంగతి నేను చెబితే చాడీ అవుతుంది అన్నాడు.

వేడిగా మందాజీలు వేయించి పెడతానన్నాను. వద్దన్నాడు. బస్సు స్టేజీ దగ్గర మేనల్లుడి కొట్టులో ఉంటాడట.

జనవరి 9

పగలూ రాత్రీ కుట్టాను. అకేయో యూనిఫాం: రెండు ఆకుపచ్చ స్కర్టులు, రెండు చొక్కాలు. కొలతలు నాకు కంఠతా వచ్చు, నాలుగేళ్ళుగా కుడుతున్నదాన్నే. రెండు వేళ్ళు పొడుగు వదిలాను, ఎదిగే పిల్ల.

చర్చివాళ్ళు పాత రేకు పెట్టె ఒకటి ఇచ్చారట. దాని మీద ఇంకెవరిదో పేరుందట.

జనవరి 10, శుక్రవారం

యూనిఫాం ఇచ్చాను. అపోండి రెండు చేతులా తీసుకుంది. నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. నువ్వు మనసులో పెట్టుకోలేదు, నేనే డ్రమ్ము పెట్టాను, నన్ను క్షమించు స్యొంబువా అంది. దేవుడు నీ చేతుల్ని చల్లగా చూడాలి అంది.

పేరు పెట్టి పిలిచింది. అందరికీ ఫుండినే, ఆవిడొక్కతే పేరుతో పిలిచేది.

ఇంటికొచ్చి మిషన్ మీద గుడ్డ కప్పేశాను. నేను కుట్టింది యూనిఫాం కాదు, నా నోరు.

జనవరి 12, ఆదివారం

చెప్పేశాను.

అకేయో ఊరి నుంచి వచ్చింది, నీళ్ళకి కిందకి వెళ్ళింది. ఆ సందులో చెప్పాలనుకున్నాను. ముందు గుడ్డముక్క బల్ల మీద పెట్టాను. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. చేతిబండి, పసుపు స్కార్ఫు, ముడి, తల ఊపడం. ఫోన్ చెయ్యకపోవడం. అన్నిటికంటే కష్టమైంది అదే. నీ నంబరు నా ఫోన్‌లో ఉంది అపోండీ, పౌరుషం కొద్దీ చెయ్యలేదు అన్నాను.

తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ముడి నువ్వే వేశావా అని ఒక్కటే అడిగింది. నేనే అన్నాను.

లేచి తలుపు తెరిచి పట్టుకుంది. బయటికి వచ్చాను. వెనక గడియ పడింది. తర్వాత తాళం కూడా.

జనవరి 13

పిల్ల బడికి వెళ్ళింది. ఆకుపచ్చ స్కర్టు వేసుకునే వెళ్ళింది. తల్లి విప్పించలేదు. కిటికీ తెర సందులోంచి చూశాను.

జనవరి 14, మంగళవారం

గితాహిని నేనే మీటింగు పెట్టమన్నాను. పిల్లర్ వెనక నిలబడలేదు. తల ఊపింది నేనేనని అందరికీ చెప్పాను.

ఐదో అంతస్తాయన చాలా మాటలన్నాడు. పడ్డాను. కడుపులో ఇంత పెట్టుకుని ముసలాయన్ని తన్నించావా అని అడిగినావిడ మొన్న నవ్వినవాళ్ళలో ఒకావిడ. అదీ పడ్డాను. నా వంతు అది. అందరూ అరిచాక, ఎకిడోర్ని వెనక్కి పిలవాలి, గేటుకి తాళం వేయాలి, రెండూ జరిగేదాకా ఈ నెల అద్దె ఎవరూ కట్టొద్దు అన్నాను. అది మాత్రం అందరూ విన్నారు. ఓనరు మొదటి రింగుకే ఎత్తాడు.

అపోండి మీటింగుకి రాలేదు.

జనవరి 17

స్టేజీ దగ్గరికి నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను.  గేటు దగ్గర కొత్త తాళం ఎత్తి బరువు చూశాడు. దుడ్డుకర్ర పెట్టినచోటే ఉంది.

జనవరి 25

యూనిఫాం పనులు ఇచ్చేవాళ్ళు లేరు. గుడ్డ తీసుకుని పోతున్నారు, సారీ ఫుండీ అంటూ. నీళ్ళ వంతులో నా డ్రమ్ము దగ్గర నిలబడి మాట్లాడేవాళ్ళు లేరు. మెట్లు దిగేటప్పుడు గోడవైపు మొహం పెట్టుకుని దిగుతున్నాను. మచాకోస్‌లో మా అక్క రమ్మంటోంది.

అపోండి ఇంట్లో రేడియో మోగుతోంది. ఎవరిచ్చారో.

ఫిబ్రవరి 1, శనివారం

చేతిబండి వచ్చింది. ఈసారి నా సామానుకే. గితాహి ఏదో చావుకని ఊరెళ్ళాడు, చీటీ లేదు. ఎకిడోర్ తాళం తియ్యలేదు. తల ఎత్తి మూడో అంతస్తు వైపు చూశాడు.

అపోండి బట్టలు ఆరేస్తోంది. తల ఊపితే చాలు. ఊపలేదు. లోపలికి వెళ్ళిపోయింది. బండివాళ్ళు విసుక్కున్నారు. నేను మిషన్ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. మూడంతస్తులూ దిగి వచ్చింది. మిషన్, స్టవ్, కుర్చీ, మెట్రెస్. ఒక్కొక్కదాన్నీ చేత్తో తాకి చూసింది. చివర ఎకిడోర్‌తో చెప్పింది, నాతో కాదు.

చూశాను. ఇవి స్యొంబువావే. తెరవండి.