చెయ్యి వేసినవాళ్ళ వరుస

కరుణామయుడైన అల్లాహ్ పేరుతో. కూఫా నగరంలో మా తెగ మగవాళ్ళ పేర్ల పట్టీ రాసే నుమైర్ కొడుకు ఖుదామాను, డెబ్బై ఏళ్ళవాణ్ణి, రాస్తున్నాను. నా బుద్ధి స్థిరంగానే ఉంది, తప్పిపోయినా బాగుండేది. ఆస్తిలో రెండు వంతులు వారసులవి, వాటి జోలికి పోను. నా ఇష్టానికి మిగిలిన మూడో వంతును నా కూతురు ఉనైసా ఇలా పంచాలి.

ఒకటి. నా సిరాబుడ్డి, రెల్లు కలాలు ఎవరికీ ఇవ్వవద్దు, పొయ్యిలో పెట్టాలి. ఖలీఫా పంపిన గవర్నరు మీద తిరగబడిన నాయకుడి చేతిలో మావాళ్ళు ముప్పై ఒక్కమంది చెయ్యి వేసి ప్రమాణం చేశారు. ముందు చేరినవాడికే గౌరవం, అది మనవల దాకా నిలుస్తుంది. అందుకని నా మీద పడ్డారు. "బాబాయ్, వీడికంటే ముందు చెయ్యేసింది నేను, నా పేరు పైకెక్కించు" అని ఒకడు, "వాడి మాట నమ్మకు" అని ఇంకొకడు. గొడవ ఎందుకని వరుసగా రాసిచ్చాను. గవర్నరు మనుషులు నాయకుణ్ణి చంపినప్పుడు ఆ కాగితం అతని జీను సంచిలో దొరికింది. అందరూ చెరలో ఉన్నారు. ఎల్లుండి శుక్రవారం నుంచి రోజుకొక తల నరుకుతారు, అదే వరుసలో.

రెండు. నా గోధుమరంగు ఒంటె వాబిసాకు. పాత బావి తగాదా మనసులో పెట్టుకుని అతని పేరు అట్టడుగున రాశాను. "పొద్దున్నే వచ్చినవాణ్ణి చివర్న పడేశావు, నువ్వూ ఒక పెద్దమనిషివేనా" అని తిట్టి మాటలు మానేశాడు. నెల రోజులు బతుకుతాడు. పారిపోయే దారి లేదు. ఒంటె పాలు అతని పిల్లలకు.

మూడు. నా యెమెన్ దుప్పటి అల్లుడు ఇయాస్‌కు. అతనికి చలి ఎక్కువ, చెరసాలకు పంపండి. పంపనివ్వకపోతే అందులోనే చుట్టి పాతిపెట్టండి.

నాలుగు. రాసేవాడు తన పేరు రాసుకోడు. నిన్న కోట వాకిట్లో నిలబడి, ముందు నన్ను చంపమన్నాను. కావలివాడు నవ్వి, "తాతా, ఇందులో నీ పేరు లేదు, ఇంటికెళ్ళి పడుకో" అన్నాడు. రేపు మళ్ళీ వెళతాను. ఏమీ జరగదని తెలుసు.

ఐదు. ఉనైసా, నువ్వు వారసురాలివి, నీకు విడిగా ఏమీ రాయకూడదు. నీ మొగుడు అందరికంటే ముందు నిలబడ్డాడని వాడలో చెప్పుకుని ఏడుస్తున్నావు. అతను తొమ్మిదోవాడమ్మా. నా అల్లుడని అందరికంటే పైన రాశాను.

సఫర్ నెల పదకొండు, బుధవారం.
ఖుదామా బిన్ నుమైర్ (చేవ్రాలు)

సాక్షులు: మంచం పట్టిన జహ్దర్. రెండో మగవాడు వాడలో దొరకలేదు కనుక అతని బదులు ఇద్దరు ఆడవాళ్ళు, జహ్దర్ కోడళ్ళు లుబాబా, రీతా.