సముద్రం మునగాలకు రాదని మా అమ్మతో చెప్పుట గురించి

మునగాల,
డిసెంబరు, 2024.

మండల తహశీల్దార్ గారి సముఖమునకు, హైవే పక్కన చాయ్ హోటల్ నడుపుకొను చిరంజీవి రాసుకొనునది.

అయ్యా,

విషయం: సునామీ భయంతో స్లాబు ఎక్కిన మా అమ్మ జానమ్మను కిందికి దింపుటకు తమరు ఒక్కమాట సెలవిచ్చుట గురించి.

1. ఈ నెల మొదటి బుధవారం ఉదయం వచ్చిన భూకంపంలో సూర్యాపేట, కోదాడ వారితో పాటు మేమును ఊగితిమి. హోటల్లో గ్లాసులు పగిలినవి. నష్టపరిహారం కోరుట లేదు. కాని ఆ పెంకులు ఊడ్వకముందే మా అమ్మ దుప్పటి, బైబిలు, బీపీ గోలీలు, మేకను వెంటబెట్టుకొని స్లాబు ఎక్కినది. నేటికీ దిగలేదు. పూటపూటకు అన్నం మోసి మోసి నా భార్య స్వప్నకు మోకాళ్లు పట్టినవి.

2. ఆమెకు మతి చెడలేదని మనవి. 2004లో క్రిస్మస్ మరునాడు చర్చి వాళ్లతో కలిసి మచిలీపట్నం సముద్రం చూడబోయినది. ఆ తెల్లవారుజామున సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి వెయ్యి కిలోమీటర్లకు పైగా చీలి, ఆ నేల పైకి లేచి, నీళ్లను ఎత్తి తోసినదట. ఒడ్డున ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. నీళ్లు వెనక్కి పోతే మా పెద్దమ్మ నవ్వుకుంటూ గవ్వలు ఏరబోయింది. అమ్మ సరుగుడు చెట్టును కరుచుకొని బతికింది. పెద్దమ్మ దొరకలేదు.

3. ఇప్పటిది ములుగు దిక్కున నేలలో వచ్చిన భూకంపమని, దాని మీద సముద్రమే లేదని, మనకు సముద్రం చాలా దూరమని ఫోన్లో మ్యాపు చూపి చెప్పితిని.

"సుమత్రా గూడ దూరమే గదరా. మా దాక రాలే?" అన్నది.

నేను మ్యాపును ఇంకా పెద్దది చేసి చూపితిని. ఆమె ఫోను పక్కకు నెట్టి, "ఆ పొద్దు అది వచ్చేటందుకు రెండు గంటలకు మీదనే పట్టిందంట. గంత టైంల ఒక్కలన్న వచ్చి చెప్తే మా అక్క బతికుంటుండె. ఇప్పుడన్న ఒక ఆఫీసర్ వచ్చి రాదని చెప్పమను, దిగుత" అన్నది.

4. మొదట రాసిన అర్జీని మేక తిన్నది. ఇది రెండవది.

కావున తమరు జీపులో అటు పోవునప్పుడు మా హోటల్ ముందు ఆగి, జీపు దిగకపోయినా సరే, మెడ పైకెత్తి "రాదమ్మా" అని ఒక్కసారి అంటే చాలును. చాయ్ ఉచితము. అయితే అది అమ్మ పెట్టే చాయ్ కాదు, నేను పెట్టేది. అందుకు ముందుగానే క్షమాపణ కోరుచున్నాను.

తమ చిత్తమునకు ఇది వచ్చిన చాలునని ఎదురుచూచు
తమ విధేయుడు,
చిరంజీవి

తా.క.: సంతకం చేస్తుండగా ఇల్లు మళ్లీ అదిరింది. నేనూ స్వప్నా మెట్లు ఎట్లా ఎక్కామో తెలియదు, స్లాబు మీద ఉన్నాం. అమ్మ మమ్మల్ని చూసింది, తర్వాత హైవేని చూసింది. ఇనుప సామాన్ల లారీ ఒకటి పోతున్నది.

"లారీరా అది. ఏం రాదు, దిగుండ్రి" అని స్వప్న తల నిమిరి, మేకను పట్టుకొని, చాయ్ పెట్టడానికి తానే దిగిపోయింది. వెనకాలే నేనూ దిగాను.

స్వప్న దిగడం లేదు. తమరు తప్పక రావలెను. అర్జీలో "మా అమ్మ" అని ఉన్నచోటల్లా "నా భార్య" అని చదువుకోగలరు.