మంగళవారం వాసన

రంగూన్, 1926

మే 17, సోమవారం. మధ్యాహ్నం 1.
శుభవార్త! ఓడలోకి నీళ్లొచ్చాయి!

లండన్ ఓడ అడుగున మా కంపెనీ పెట్టెలు నలభై నానిపోయాయి. సీసాలు క్షేమం. వాటి మీది పేర్ల కాగితాలన్నీ ఊడిపోయాయి. పెట్టెల మీది సిరా కూడా చెరిగింది. లోపల నాలుగు రకాల ఏల్, అంటే ఇంగ్లీషు బీరు: పేల్, లైట్, మైల్డ్, ఓల్డ్. మొదటి రెండూ ఒకటే బంగారు రంగు, తరవాతి రెండూ ఒకటే నలుపు. రుచి చూసి చెప్పాల్సిన మక్‌ఫీ దొర ముక్కు జలుబుతో మూసుకుపోయింది. ఆయనకిప్పుడు ఏల్‌కీ గంజికీ తేడా తెలియదు.

జూన్ 3న రాజుగారి పుట్టినరోజు విందు. దొరల క్లబ్బుకి ఓల్డ్ మాత్రమే వెళ్లాలి. జూన్ 2కల్లా ఏది ఏదో చెప్పినవాడికి గోడౌన్ గుమస్తా పని ఖాయం అన్నాడు దొర. చెప్పలేని టెంపరరీలు వానల్లో ఇంటికే. టెంపరరీలం ఇద్దరం: నేను, గోపాలం. గోపాలం రోజూ తాగుతాడు. నేను పుట్టాక చుక్క ముట్టలేదు. అంటే నా నాలుక కొత్తది! నేను చెప్తానని చెయ్యెత్తేశాను.

సాయంత్రం 6.
రాజ్యానికి చెప్పాను. మా ఆవిడకి ముక్కే ప్రాణం. లమ్మడాలో మా మూడో అంతస్తు గదిలో కూర్చుని, కింద వీధిలో ఎవరింట్లో ఏం మాడుతోందో చెప్పేస్తుంది.

"పని పోతే బారువ ఓడెక్కాలి గదేటి?" అంది. 

"ఎక్కాలి."

"మీ అమ్మగారి కాడికి నాను రాను. ఓడ మీంచి దూకీస్తాను. మీరు రుసి సూడండి. గానీ మింగకూడదు."

ఒప్పందం:
1. రోజుకి ఒకే ఏల్.
2. ఒక్క చెంచా.
3. నోట్లో తిప్పి ఉమ్మేయడం.
4. ఇంటికి రాగానే రాజ్యం ముందు నోరు తెరిచి ఊదడం.

ఇంతే! చిన్నపిల్లలు కూడా చేయగలరు!

మే 18, మంగళవారం. సాయంత్రం 5.30.
పేల్.

చౌక్తడాలో ఒక ముసలి కప్తాను నడిపే సారాకొట్టు. మా కంపెనీ ఏల్‌లు నాలుగూ పేర్ల కాగితాలతో సహా అక్కడ దొరుకుతాయి. ముందు గుమ్మం తెల్లవాళ్లకి. మాలాంటివాళ్లం వెనక వరండాలో. అక్కడ వడ్డించేది మన కళింగపట్నం బుల్లియ్య. తలుపు సందులోంచి లోపలికి చూశాను. నల్లటి చెక్క బల్ల, ఇత్తడి కొళాయిలు, నేలంతా రంపపు పొట్టు, గోడకి ఓడ గంట. పీపాల మీద తడి గోనెలు. అబ్బ, ఎంత చల్లగా ఉందో! మా ఆఫీసు కంటే శుభ్రం.

బుల్లియ్య సీసా తెచ్చాడు. మందు సీసా కదా అని బాగా కుదిపాను. మూత తీయగానే సగం ఏల్ నా చొక్కా మీద.

"కుదపకూడదు బాబూ! అడుగున మడ్డి ఉంటాది. అది ఇంకా బతికే ఉన్న సరుకు. కదిపితే అలుగుతాది."

చెంచా ఇచ్చాడు. ఎవరి నోట్లో పెట్టిన చెంచానో! వద్దన్నాను. గ్లాసు అంచుకి మూతి ఆనించడం కూడా నా వల్ల కాదు. ఎంగిలి. మంచినీళ్లలా ఎత్తి పోసుకున్నాను. నురుగు ముక్కులోకి పోయింది. తుమ్మాను. తుమ్మేసరికి సగం గ్లాసు లోపలికి దిగింది.

నా తప్పు కాదు. ఎత్తి పోసుకునేవాడికి చెంచా కొలత ఎలా తెలుస్తుంది?

రుచి: చేదు. నిమ్మతొక్క. సముద్రం.

రాజ్యం ఊదించింది. "నిమ్మతొక్క వాసనొస్తాంది," అంది. మింగారా అని అడగలేదు. నేను చెప్పలేదు. ఈ డైరీ కోటు లోపలి జేబులో ఉంటుంది. గోనె కంపని ఆవిడ కోటు ముట్టుకోదు.

మే 19, బుధవారం. 5.45.
లైట్. ఉమ్మేద్దామని లేచి వరండా చివరికి వెళ్లాను. కప్తాను చూశాడు. కేకలు! తన ఏల్‌ని ఉమ్మినవాడిని ఇరవయ్యేళ్లలో చూడలేదట. బుల్లియ్య చేతులు పట్టుకున్నాడు. "మింగీండి బాబూ, నా పని ఊడిపోద్ది."

సాటి తెలుగువాడి పని ఊడగొట్టే మనిషిని కాను. మింగాను.

ఒక గ్లాసే. సరే, గ్లాసున్నర.

రుచి: నిన్నటి దాని తమ్ముడు. పచ్చగడ్డి.

రాజ్యం: "ఇయాళ వేరే. గడ్డి కోసినట్టుంది."

మే 20, గురువారం.
మైల్డ్! ఎంత మంచిది! అరవదు, కరవదు. రంగు మాత్రం భయపెడుతుంది. మాడిన అన్నం అడుగు. రెండు గ్లాసులు. రెండోది పోల్చడానికి. దేంతో పోల్చడానికో రాయడం మరిచిపోయాను.

రాజ్యం: "అన్నం మాడ్చీసారేటి ఎవరో?"

మే 21, శుక్రవారం.
ఓల్డ్!!!
క్లబ్బు సరుకు. ఎండుద్రాక్ష, బెల్లప్పాకం, మా మేనమామ పెళ్లి. ఎత్తి పోసుకోవడం మానేశాను. మూతి ఆనించాను. ఎంగిలి అనేది గ్లాసులో ఉండదు, మనసులో ఉంటుంది. ఈ సంగతి బుల్లియ్యకి ఇంగ్లీషులో చెప్పాను. నాకింత ఇంగ్లీషు వచ్చని నాకే తెలియదు!

రాజ్యం: "బెల్లం." తరవాత చాలాసేపు నన్నే చూసింది. రాజ్యానికి చెప్పకూడదు.

మే 23, ఆదివారం.
సెలవు. తలనొప్పి. సెలవులో నాలుక సెలవు తీసుకోవాలి కదా. గోపాలం వచ్చి పరామర్శించి వెళ్లాడు. "నీకెందుకురా ఈ అవస్థ? నా నాలిక ఏనాడో పాసైపోనాది," అన్నాడు. వాడు వెళ్లాక రాజ్యం గుమ్మం దగ్గర గాలి పీల్చి, "గోపాలంగారి కాడ అన్ని వాసనలూ కలిసిపోనాయి," అంది.

మే 24, సోమవారం. 6.
మళ్లీ పేల్. మరిచిపోయానేమోనని పరీక్ష. మరిచిపోయాను. కనక మూడు గ్లాసులు.

రాజ్యం తలుపు తీస్తూనే: "మంగళవారం వాసన సోమవారం ఎందుకొచ్చింది?"

ఆవిడ లెక్కలు ఆవిడవి. పట్టించుకోలేదు.

మే 27, గురువారం.
లమ్మడాలో నది ఒడ్డున ఇంకో కొట్టు ఉంది. పోల్చాలి కదా! అక్కడ ఏల్‌లో ఐసు ముక్కలు వేస్తారు. ఛీ! ఐసు వేస్తే రుచి చచ్చిపోతుంది. కప్తాను దగ్గర తడి గోనె చలవే చాలు. ఈ మాట అందరి ముందూ నిలబడి చెప్పాను. బయటికి పంపేశారు. 

ఉపన్యాసం మాత్రం బాగా వచ్చింది.

మే 29, శనివారం.
నాలుగూ ఒకేసారి తాగి పోల్చాలని నిశ్చయం.
పేల్: చక్కటిది.
లైట్: చక్కటిది.
మైల్డ్: చాలా చక్కటిది.
ఓల్డ్: బుల్లియ్య నా సొంత తమ్ముడు.

ఇంటి మెట్లు ఎవరో పెంచేశారు. రాజ్యం ఊదమనలేదు. "కిచిడీ," అని లోపలికి వెళ్లి పడుకుంది.

మే 31, సోమవారం.
సిగ్గుగా ఉంది. రాజ్యం పెట్టె తీసి చీరలు మడత పెడుతోంది. ఎందుకని అడిగితే, "బారువ ఓడ ఎప్పుడో కనుక్కోండి," అంది. ఓడ మీంచి దూకేస్తానన్న మనిషి! చీరలకి కర్పూరం ఉండలు కూడా పెట్టింది.

ఈ పూట నుంచి చుక్క ముట్టను. నిజం.

జూన్ 1, మంగళవారం.
ముట్టలేదు! (ఒక్క లైట్. అది లెక్కలోకి రాదు.)

జూన్ 2, బుధవారం. 
పరీక్ష. వివరంగా రాస్తాను.

ఉదయం పదకొండు. గోడౌన్‌లో దొర నాలుగు గ్లాసులు పెట్టాడు. సీసాలు తడవని పాత సరుకులోవి, పేర్లు కనపడకుండా వార్తాపత్రికలు చుట్టి ఉన్నాయి. నేను మొదటిది తాగి "ఓల్డ్" అన్నాను. రెండోది "ఓల్డ్". మూడోది కూడా. దొర ఎర్రబడ్డాడు. గోపాలం నాలుగూ తాగేసి, బాగా ఆలోచించి, ఇంకోసారి పొయ్యమన్నాడు.

"ఇద్దరూ వెళ్లండి," అన్నాడు దొర.

అప్పుడు గుమ్మంలో రాజ్యం! నేను కంగారులో క్యారియర్ మరిచిపోయాను. ఆవిడ మోసుకొచ్చింది. మక్‌ఫీ దొరని చూసి కొంగు సర్దుకుంది. తరవాత గ్లాసుల వైపు ముక్కు తిప్పింది.

"ఇది గురువారం," అంది.

"ఏమిటి?"

"అది మంగళవారం. ఆ సివరిది శుక్రవారం, బెల్లం. ఇది బుధవారం. నిన్న కూడా ఇదే గదేటి?"

దొర ఏమంటోందని అడిగాడు. ఏం చెప్పాలి? వారాల పేర్లు చెబుతోందన్నాను. ఏ వారం ఏమిటో నీకు తెలుసా అన్నాడు. తెలుసు. నా జేబులో ఉంది.

డైరీ తీశాను. తారీఖులు చదివాను. మంగళవారం, పేల్. బుధవారం, లైట్. గురువారం, మైల్డ్. శుక్రవారం, ఓల్డ్. దొర కాగితాలు విప్పి చూశాడు. నాలుగూ సరి! ముక్కు చీదుకుని, కుర్చీ తెచ్చి, రాజ్యానికి వేశాడు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనో సిగ్గుతోనో తెలియలేదు.

పెట్టెకో సీసా తెరిచాం. రాజ్యం వాసన చూడటం, వారం చెప్పడం. సుద్దముక్కతో పెట్టెల మీద గోపాలం రాయడం. మధ్యాహ్నం రెండుకల్లా నలభై అయిపోయాయి. క్లబ్బుకి వెళ్లే పెట్టెలన్నిటి మీదా "శుక్రవారం" అని తెలుగులో.

అంతా బాగానే ఉండేది. కానీ డైరీ తెరిచే ఉంది. రాజ్యం మూడో తరగతి దాకా చదువుకుంది. నా భుజం వెనక నించుని, గోడౌన్ అంతా వినేట్టు, కూడబలుక్కుని చదివింది:

"రా-జ్యా-ని-కి చె-ప్ప-కూ-డ-దు."

పేజీ తిప్పింది. మళ్లీ చదివింది. మెట్లు ఎవరు పెంచారని అడిగింది. దొర మళ్లీ ఏమంటోందని అడిగాడు. ఇంకో పెట్టె గురించి అన్నాను.

"మీరు మింగినారని మొదటి రోజే తెలుసు," అంది తెలుగులో, నిదానంగా. "ఉమ్మితే నోట్లోంచొచ్చే వాసన. మింగితే కడుపులోంచొచ్చే వాసన. నాకు తెల్దనుకున్నారేటి?"

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"మీరే సెప్తారని సూసినాను."

ఇంతకంటే తిట్టినా బాగుండేది.

జూన్ 4, శుక్రవారం. ఉదయం 7.
విందు జయప్రదం! క్లబ్బువాళ్లు ఓల్డ్ ఏల్‌ని మెచ్చుకున్నారట. పని ఖాయం! కాగితం మీద పేరు నాది. గోడౌన్‌లో పేము కుర్చీ రాజ్యానిది. ఓడ వచ్చినప్పుడల్లా ఆవిడ రావాలని దొర షరతు. చీరలు మళ్లీ పెట్టెలోంచి బయటికొచ్చాయి. బారువ ఓడ మేం లేకుండానే వెళుతుంది.

ఇహ తాగను. ఇది ప్రతిజ్ఞ.

కానీ ఆగస్టులో ఐదో రకం వస్తోందట, స్కాచ్ ఏల్. రాజ్యం ముక్కు నేర్చుకున్నది నా నోటి ద్వారానే. కాబట్టి కంపెనీ క్షేమం కోసం, రంగూన్‌లో మా కాపురం కోసం, నేను రుచి చూడక తప్పదు. కొత్త ఒప్పందం: వారానికి ఒక్కసారి. ఒక్క చెంచా. నోట్లో తిప్పి ఉమ్మేయడం. చిన్నపిల్లలు కూడా చేయగలరు!

— ఢిల్లేశ్వరరావు

సదివినాను. మీ నోరు అక్కర్లేదు. సీసా మూత తీసి సూపిస్తే సాలు. నిన్న సాయంత్రం మీ కాడ గురువారం వాసనే వొచ్చింది.

— రాజ్యం