గిర్నికి మోకాళ్లు లేవు

ఇటిక్యాల

తమ్ముడు కురుమూర్తికి,

మేమంత మంచిగున్నం, పిండి గిర్నే బాగలేదు. నువ్వు వనపర్తి నుంచి పంపిన బెల్టు మళ్ల తెగింది. ఈ నెలల ఇది మూడోది. బామ్మర్ది దుకాణంల నకిలీ మాల్ అమ్ముతుండని మీ బావ ఒకటే తిట్టుడు. వాకిట్ల జొన్న సంచులు పేరుకపోయినయి.

అసలు సంగతి పొద్దున చూసిన. గిర్ని కీచుమన్నప్పుడల్ల మనమ్మ పోయి బెల్టుకు ఆముదం రాస్తున్నది! "దానికి గొంతెండింది బిడ్డా" అంటది. నూనె తగిలితే బెల్టు జారి, కాలి, తెగుతదని ఆమెకేం తెలుసు? అల్లునికి తెలిస్తే అమ్మ సిగ్గుపడి మూట సర్దుకుంటది. అందుకే జర తప్పు నీ మీదేసుకో. కొత్త బెల్టు రేపు బస్సుల పంపు.

ఆగు తమ్మీ, పంపకు. నేనిది రాస్తుంటెనే మీ బావ, తను గూడ చూసినట్టున్నడు, ఆముదం సీసా తెచ్చి అమ్మ ముందర పెట్టిండు. "అత్తా, ఇది నీ మోకాళ్లకు. గిర్నికి మోకాళ్లు లేవు. అది అరిస్తే నన్ను పిలువు, బెల్టు బిగిస్త" అన్నడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకొని ఒకటే నవ్వు.

నిన్ను తిట్టుడు తప్పని మాత్రం మీ బావ ఒప్పుకోలేదు. బెల్టు కోసం రేపు తనే వస్తుండు. నువ్వేం తెల్వనట్టు చాయ్ తాపు.

మీ అక్క