గిన్నె ఎత్తి చూడొద్దు

అమ్మకు రత్న దండాలు. నాకు జలుబు తప్ప ఏ జబ్బూ లేదు, కంగారుపడొద్దు. నాయన మోకాలు ఎట్లుంది? కుందుర్పిలో వాన పడిందా? ఈ పుణేలో నెల రోజులుగా విడవకుండా పడుతోంది, బట్టలు ఆరడం లేదు. మనకు రావాల్సిన వాన కూడా ఇక్కడే పడుతోందేమోనని ఒళ్లు మండుతుంది. పప్పులో బెల్లం వేస్తారు. అదీ తింటున్నాను, బాగానే ఉన్నాను.

ల్యాబ్‌లో మాత్రం నా పని చెడింది. ఒంట్లో కాపలా తిరిగే కణాలుంటాయని చెప్పాను కదా. ఎదురైన ప్రతి కణాన్నీ తడిమి చూస్తాయి. పని లేదనుకుంటే జారిపోతాయి, ఉందనుకుంటే ఆగి, ఒళ్లు పరిచి కరుచుకుంటాయి. ఆ పట్టు గట్టిపడడానికి కొంతసేపు పడుతుంది. నేను గాజు గిన్నెలో వేసి పెట్టినవి పట్టుకోనే లేదు. అన్నీ మార్చి చూశాను, చివరికి నా చేతుల మీదే విసుగొచ్చింది. మొన్న మేడమ్ వెనక నిలబడి చూసి, "పది నిమిషాలకోసారి గిన్నె ఎత్తి చూస్తున్నావు. ఎత్తినప్పుడల్లా అవి విడిపోతున్నాయి" అంది. గొర్రెలోళ్ల ఇంట్లో పుట్టి ఇది ఒకరితో చెప్పించుకున్నాను.

తల్లి లేని పిల్లను వేరే గొర్రెకు అలవాటు చేయాలంటే నాయన ఆ గొర్రె పాలే పిల్ల ఒంటికి పూసి, రెండింటినీ దడి లోపల వదిలేవాడు. నేను తొంగి చూస్తే, "ఈడికి రామ్మా. నువ్వు ఆడ నిలబడితే అది నిన్నే సూస్తాది, పిల్లను యాడ సూస్తాది?" అనేవాడు.

మరి నువ్వు చేస్తున్నదేమిటి? చిన్నక్క పోయాక దాని బిడ్డ శైలును పెద్దక్క పెంచుకుంటానంటే అందరం ఒప్పుకున్నాం. బుక్కరాయసముద్రం పంపి రెండు నెలలు కాలేదు. రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తావు. ఆదివారం బస్సెక్కి పోయి ఇంటికి తెచ్చుకుంటావు. పెద్దక్క నాతో చెప్పుకుని ఏడ్చింది. "నా పక్కనే పండుకుంటాదే. ఫోన్లో అమ్మ గొంతు ఇంటే సాలు, లేసి వాకిట్లో పోయి కూసుంటాది" అంది. శైలులో చిన్నక్కను చూసుకుంటున్నావని తెలుసు. తెలిసినా నీ మీద కోపం పోలేదు.

ఒక్క నెల ఫోన్ వద్దు, బస్సూ వద్దు. పెద్దక్క పిలిస్తేనే పో.

నేనూ తక్కువదాన్నేం కాదు. రోజూ వీడియో కాల్ చేసి ముద్దులు పెట్టేది నేనే. మొన్న "అమ్మను చూపించు" అంటే శైలు ఫోన్‌ను పక్కనున్న పెద్దక్క వైపు కాదు, గోడ మీది చిన్నక్క ఫొటో వైపు తిప్పింది. ఆ రోజు నుంచి నేనూ మానేశాను. నీకు ఫోన్ చేస్తే దాని సంగతి అడగకుండా ఉండలేను, అందుకే ఈ ఉత్తరం.

చెనిక్కాయల పొడి పంపు. నాయన కాళ్లకు మొక్కానని చెప్పు. నన్ను తిట్టుకున్నా సరే, దీవించు.

నిన్న గిన్నె ముట్టుకోకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పట్టుకున్నాయమ్మా.

నీ కూతురు,
రత్న