పడుగు రెండో కొస

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నేను సమాజశాస్త్రం చదువుతానన్నప్పుడు మగ్గం గుంటలోంచే నువ్వు అడిగిన మాట ఇంకా వినిపిస్తుంది. "మనుషులు ఎట్ల బతుకుతాండారో తెలుసుకునేదానికి బొంబాయి దాకా పోవల్లనా? సదివినాక పని ఎవరప్పా ఇచ్చేది?"

ఇచ్చారు నాయనా. నాతో చదివినవాడొకడు మిల్లులో కూలీల బాగోగులు చూస్తున్నాడు, ఇంకొకడు కరువు సర్వేలో ఉన్నాడు. నాకు కడప జిల్లాలో నేతగాళ్ల చేత సహకార సంఘాలు పెట్టించే ఉద్యోగం వచ్చింది. "పోట్లాడుకునేవాళ్లను ఒక సంఘంలో ఎలా కూర్చోబెడతావు?" అని ఇంటర్వ్యూలో అడిగారు. పుస్తకాల్లోది ఒక్క ముక్కా గుర్తు రాలేదు. వీధిలో పడుగు దారాలు సాగదీసి గంజి పెట్టే రోజున, నీతో మాటల్లేని ఎదురింటి ఓబన్న కూడా వచ్చి రెండో కొస పట్టేవాడని చెప్పాను.

నిన్న సంఘం పెట్టించే పనిమీద మన వీధికే వచ్చాను. ఓబన్న పడుగు పరుస్తున్నాడు. నా కోటూ బూట్లూ చూసి ఎవరూ దగ్గరికి రాలేదు. ఆయనే కేకేశాడు. "ఏమప్పా, మీ నాయన లేడు గదా. ఆ కొస నువ్వు పట్టు."

బూట్లు విప్పి పట్టుకున్నాను. గంజి ఆరేలోపే, సంఘంలో చేరతానని మొదట చెప్పింది ఓబన్నే.